ఆరు సెకన్లు దండగ

మా ఆయనకి చదువు వచ్చింది గానీ, కూచుని చదవడం రాలేదు. పుస్తకం చేతిలోకి తీసుకుంటే చాలు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. హాల్లో కిటికీ దగ్గర మొదలుపెట్టి వంటింటి గడప దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ కిటికీ దాకా. కంప్యూటర్ ఇంజనీరింగు నాలుగేళ్ళ కోర్సు. ఈ మూడున్నరేళ్ళలో ఆయన నడిచిన నడక ఏ రోడ్డు మీదో నడిచి ఉంటే ఈపాటికి సముద్రం అడ్డొచ్చేది. మా గచ్చు మీద బాట పడింది. ఆ గచ్చు తుడిచేది నేను కాబట్టి ఆ సంగతి నాకే తెలుసు. ఆయనకి చూపిస్తే, "నీ కళ్ళజోడు మార్చాలి" అన్నారు.

కొడుకు చదువుకుంటుంటే తల్లి పక్కన కూచుని కాపలా కాయడం లోకంలో ఉన్నదే. మా ఇంట్లో ఆ కొడుక్కి నలభై ఎనిమిదేళ్ళు, ఆ తల్లికి డెబ్భై నాలుగు. "ఒరేయ్, రేపు పరీక్ష పెట్టుకుని ఆ పేపరు చదువుతావేంరా" అని మా అత్తగారు ఇప్పటికీ కేకలేస్తారు. ఆయన దినపత్రిక మడిచి అవతల పెడతారు. ఈ వయసులో తల్లి మాట వినే అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. పాత లిఫ్టుల్లో ఏ తీగ ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెబుతారు. కొత్త లిఫ్టుల్లో తీగలు తగ్గిపోయి పచ్చటి సర్క్యూట్ పలకలొచ్చాయి. ల్యాప్‌టాప్ పట్టుకుని ఓ ఇంజనీరు కుర్రాడు వచ్చి, ఆ పలకకి గుచ్చి, టకటకా నాలుగు మీటలు నొక్కి, "కాస్త నిచ్చెన పట్టుకోండి సార్" అన్నాట్ట. ఆయన పట్టుకున్నారు. ఆ రోజు బస్సెక్కకుండా నడిచి ఇంటికొచ్చారు. మర్నాడు పనిచేసేవాళ్ళ కోసం పెట్టిన సాయంత్రం బ్యాచికి దరఖాస్తు తెచ్చుకున్నారు. డిప్లొమా సర్టిఫికెట్ ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి దులిపింది నేనే.

ఆయన గురించి రెండు సంగతులు చెబితే గానీ జరిగింది అర్థం కాదు.

ఒకటి, ఆయన వృత్తి నియమం. ఏ లిఫ్టు మీద చెయ్యి వేసే ముందైనా దాన్ని కింది అంతస్తుకి దించాలి. "ముందు నేల, తర్వాతే పని" అంటారు. ఆ నియమం ఉద్యోగంలోనే ఉండిపోతే బాగుండేది, ఇంటికి కూడా వచ్చింది. ఫ్యాను వెయ్యాలంటే ముందు రెగ్యులేటరు సున్నాకి తిప్పుతారు, అప్పుడు స్విచ్చి వేస్తారు, అప్పుడు మళ్ళీ మూడుకి తిప్పుతారు. ఈలోగా మాకు చెమటలు. టీవీ గొంతు సున్నాకి నొక్కేసి గానీ ఆపరు. నాకు కోపం వస్తే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, "ముందు నువ్వు కిందికి దిగు, తర్వాత మాట్లాడుకుందాం" అంటారు.

రెండు, పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో "తప్పు నాది" అన్న మాట ఆయన నోట నేను వినలేదు. చుట్టుపక్కలకి వస్తారు గానీ లోపలికి రారు. పాలు పొంగిపోతే "మంట ఎక్కువుంది". దారి తప్పితే "రోడ్డు మార్చేశారు". మరీ తప్పించుకోలేకపోతే "అయిందేదో అయింది, ఇప్పుడేం చేద్దాం?" ఆ 'చేద్దాం'లో నన్ను కూడా కలుపుకుంటారు. ఆ మాత్రం దాంపత్యం ఉంది.

ఇక ఆఖరి ఏడాది ప్రాజెక్టు. ఇద్దరిద్దరు కలిసి చెయ్యాలి. ఆయనకి జోడీగా పడ్డది ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. పొద్దున జిరాక్సు షాపులో పని, సాయంత్రం కాలేజీ. ప్రోగ్రాం రాసేటప్పుడు సన్నగా రాగం తీస్తూ ఉంటుంది, అందుకని మా అత్తగారు దానికి తుమ్మెద అని పేరు పెట్టారు. ఆ పిల్ల ఆయన్ని బాబాయ్ అంటుంది, నన్ను పిన్ని. అత్తగార్ని ఏమనాలో తెలియక మొదటిరోజు "మేడమ్" అంది. "నేనేం పాఠం చెప్పానే నీకు?" అని ఆవిడ గద్దించాక బామ్మ అయింది.

వాళ్ళు చేసింది ఓ బొమ్మ లిఫ్టు. ప్లైవుడ్డు చెక్కలతో నేల మీద మూడంతస్తులు, చేపల గాలానికి వాడే దారం, పైన చిన్న మోటారు, పక్కన అరచేతిలో పట్టే పలక. పెట్టె ఒక్కో అంతస్తు దాటినప్పుడల్లా చిన్న స్విచ్చి ఒకటి టిక్కుమంటుంది. ప్రోగ్రాం ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఎక్కితే ఒకటి కలుపుతుంది, దిగితే ఒకటి తీసేస్తుంది. ఆ లెక్కే దానికి దిక్కు. చెక్క, దారం, తీగలు ఆయన పని. ప్రోగ్రాం తుమ్మెద పని. మా భోజనాల బల్ల సగం నాలుగు నెలలు దానికే పోయింది. మిగతా సగంలో ముగ్గురం మోచేతులు రాసుకుంటూ తిన్నాం.

అత్తగారికి ఆ లిఫ్టు తెగ నచ్చింది. ఆవిడ కుర్చీలో కూచుంటే మూడో అంతస్తు సరిగ్గా చెయ్యెత్తు. బీపీ మాత్రల డబ్బా అందులో పెట్టి మూడో అంతస్తుకి పంపేవారు. "చీమలు పట్టవు, కళ్ళ ముందుంటుంది" అనేవారు. వేళకి డబ్బా తీసుకుని, మాత్ర మింగి, మళ్ళీ అక్కడే పెట్టేవారు. అంతకుముందు మింగడానికి బతిమాలించుకున్న మనిషి.

ప్రోగ్రాం మొదట్లో తుమ్మెద మూడు వరసలు రాసింది. కరెంటు రాగానే లిఫ్టు తనంతట తనే కిందికి దిగి, నేల దగ్గరున్న స్విచ్చిని తగిలి, అప్పుడు గానీ ఎవరి మాటా వినదు. అలా దిగడానికి ఆరు సెకన్లు. "బాబాయ్ నియమమే దీనికి నేర్పాను పిన్నీ, ముందు నేల" అంది నాతో. ఆయన మీసాల్లో నవ్వుకున్నారు.

కాలేజీలో ప్రాజెక్టు రివ్యూకి ముందురోజు నేను బల్ల దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్నాను. తుమ్మెద రాలేదు. ఆయన రెండు వేళ్ళతో ల్యాప్‌టాప్ మీద పొడుస్తున్నారు.

"ప్రతిసారీ ఆరు సెకన్లు దండగ" అన్నారు. "చూసేవాళ్ళకి ఆవలింతలొస్తాయి. నేనెలాగూ దించాకే కరెంటిస్తాను. కిందున్నదాన్ని మళ్ళీ కిందికి దిగమనడం ఎందుకు?"

"ఆ పిల్ల ఎందుకో పెట్టింది కదండీ."

"దించడం మనిషి బాధ్యత. యంత్రానికి వదిలేస్తే మనిషి మరిచిపోతాడు."

టిక్, టిక్, టిక్. మూడు వరసలూ పోయాయి.

"తనకి చెప్పరా?"

"చెబుతాలే."

నేను మళ్ళీ వెల్లుల్లి మీద పడ్డాను. ఆ మాట అప్పుడే పట్టుకుని ఉండాల్సింది. కానీ పొట్టు గోళ్ళలో ఇరుక్కుని ఉంది.

మర్నాడు సాయంత్రం ఆయన ఇంటికి వచ్చిన తీరు చూస్తే మెట్లెక్కుతున్నప్పుడే తెలిసిపోయింది. ఒక్కో మెట్టు రెండుసార్లు తొక్కుతున్నారు. లోపలికి వచ్చి, లిఫ్టు బల్ల మీద దించి, చెప్పులు విప్పకుండానే నడక మొదలుపెట్టారు. దారం తెగి పెట్టె ఓ పక్కకి వేలాడుతోంది.

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు.

వేరే కాలేజీ నుంచి పరీక్ష చెయ్యడానికి ఒకావిడ వచ్చిందట. బయటి మేడమ్ అంటారు ఆవిణ్ణి. పెట్టెలో ఓ రబ్బరు ముక్క పెట్టి మూడో అంతస్తుకి పంపిందట. పంపి, ఎవరూ అనుకోకుండా ప్లగ్గు పీకేసిందట. మళ్ళీ పెట్టి రెండు నొక్కిందట.

"రెండుకి దిగాలి కదా? పైకెక్కింది! పై కప్పుకి గుద్దుకుని, దారం తెగి, టప్పున కింద పడింది. 'ఈ రబ్బరు స్థానంలో మా అమ్మ ఉంటే?' అందావిడ. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై నాలుగేళ్ళలో నా చేతి కింద ఒక్క లిఫ్టు పడలేదు."

"మరెందుకు పడింది?" అన్నాను నేను, తెలియనట్టు. నిజానికి అప్పటికి నాకూ పూర్తిగా తెలియదు. అనుమానం మాత్రం వెల్లుల్లి వాసనలా వదలకుండా ఉంది.

"నా తీగలు సరిగ్గానే ఉన్నాయి. దిక్కు తెలియని ప్రోగ్రాం. అదే చెప్పాను. 'ప్రోగ్రాం ఆ అమ్మాయిదండీ' అన్నాను."

"ఆ పిల్ల ముందే?"

"ఉన్నమాటేగా. నా వంక చూసింది, ఏం మాట్లాడలేదు. తప్పు తనదని తెలుసు గనకే."

బయటి మేడమ్ వారం గడువిచ్చిందట. వచ్చే శుక్రవారం లిఫ్టు మళ్ళీ చూపించాలి. దాంతోపాటు ఓ కాగితం ఇవ్వాలి. ఏం తప్పు జరిగింది, ఎవరి చేతి మీద జరిగింది. ఇద్దరిలో పెద్దాయన కాబట్టి ఈయన్నే రాయమంది. ఎవరి తప్పని తేలితే వాళ్ళు వచ్చే ఆర్నెల్లూ ప్రాజెక్టు మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి.

ఆర్నెల్లంటే ఆయనకి ఇంకో ఆర్నెల్ల నడక. తుమ్మెదకి అలా కాదు. ఆస్పత్రి యంత్రాలు చేసే కంపెనీలో దానికి ఉద్యోగం ఖాయమైంది. ఈ బ్యాచితో పాటు డిగ్రీ చేతికొస్తేనే అది దక్కేది. లేకపోతే మళ్ళీ జిరాక్సు మిషను ముందు నిలబడి, ఊళ్ళోవాళ్ళ డిగ్రీలకి కాపీలు తియ్యాలి.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ ఓ చోట నిలవలేదు. ఆయన కాగితం తీసుకుంటారు, తారీఖు వేస్తారు, లేచి నడుస్తారు. వచ్చి ఓ వాక్యం రాస్తారు, కొట్టేస్తారు, నడుస్తారు. శనివారం నాడు "ప్రోగ్రాంలోని లోపం" దాకా వచ్చి ఆగారు. ఆదివారం ఆ కాగితం చింపి ఇంకోటి తీసుకుని, దాని మీద కూడా తారీఖు వేశారు. నిజంగా ఆ పిల్లదే తప్పని నమ్మిన మనిషికి రెండు లైన్లు రాయడానికి ఇంత యాతన ఎందుకో! నమ్మకం బుర్రలో ఉంది గానీ చేతిలోకి దిగడం లేదు. నేను అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. అత్తగారు మాత్రం, "చెప్పులన్నా విప్పి తిరగరా, చప్పుడుకి నా బీపీ పెరుగుతోంది" అని, ఆ పెరిగిన బీపీకి మాత్ర వేసుకున్నారు.

మంగళవారం ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు తుమ్మెద వచ్చింది, మర్చిపోయిన ఛార్జరు కోసం. రాగం లేదు. వంటింటి గడపలోనే నిలబడింది.

"కూచోవే."

"లేదు పిన్నీ, షాపుకి వెళ్ళాలి." అని చెప్పి పావుగంట నిలబడే ఉంది. ఆఖరికి, "ఆ మూడు వరసలు ఎవరు తీసేశారో నాకు తెలుసు" అంది.

నేను కత్తిపీట పక్కన పెట్టాను.

"కంప్యూటర్లో అన్నీ రాసుంటాయి పిన్నీ. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ వరస మార్చారో. కూరలో ఉప్పెక్కువైతే ఎవరు వేశారో మీకు తెలియకపోవచ్చు. ఇందులో తెలిసిపోతుంది."

"మా ఇంట్లో కూడా తెలిసిపోతుందిలే. అసలు ఆ మూడు వరసలు లేకపోతే ఎందుకు పడుతుందది?"

"కరెంటు పోతే దాని లెక్క పోతుంది. తిరిగి రాగానే సున్నా నుంచి మొదలెడుతుంది. అంటే నేల మీదున్నాననుకుంటుంది. మూడో అంతస్తులో ఉండి కూడా కిందున్నాననుకునేదాన్ని రెండుకి పొమ్మంటే?"

"ఎక్కుతుంది."

"అందుకే ముందు కిందికి దిగి నేల తాకమన్నాను."

"మరి ఆ రోజు నోరు విప్పలేదేం?"

"ఆయనే చెబుతారని చూశాను. ఇంకా చూస్తున్నాను. శుక్రవారం దాకా చూస్తాను." భుజం మీది బ్యాగు ముందుకి లాక్కుంది. "ఆయన కాగితంలో నా పేరుంటే, నా కాగితం కూడా ఇందులో ఉంటుంది. తారీఖు, టైముతో సహా. ప్రింటు తీసే పెట్టాను. పని జిరాక్సు షాపులోనేగా."

ముచ్చటేసింది నాకు. ఆ వయసులో నేనయితే ఏడ్చి ఊరుకునేదాన్ని.

"నేను చెప్పనా ఆయనకి?"

"వద్దు పిన్నీ. మీరు చెబితే మీకోసం రాస్తారు. అది నాకక్కర్లేదు. మాటివ్వండి."

ఇచ్చాను. ఇచ్చాక గానీ తట్టలేదు, నేను చెప్పినా లాభం లేదని. భార్య చెబితే ఆయన వాదిస్తారు, తల్లి చెబితే తలాడిస్తారు. వినడం మాత్రం యంత్రాలు చెబితేనే. చెప్పనని మాటిచ్చింది నేను. యంత్రం ఇవ్వలేదు కదా.

బుధవారం ఆయన కొత్త దారం కట్టి లిఫ్టు బాగుచేశారు. చేత్తో పెట్టెని నేలకి దించి, కరెంటిచ్చి, ఒకటి నొక్కారు. వెళ్ళింది. మూడు నొక్కారు. వెళ్ళింది. రెండు. దిగింది. ఆపి, మళ్ళీ చేత్తో నేలకి దించి, మళ్ళీ కరెంటిచ్చారు. ఓ ముప్ఫైసార్లు చేసుంటారు. ముప్ఫైసార్లూ పెట్టె కింద పెట్టే మొదలుపెట్టారు.

"చూశావా, బంగారంలా పనిచేస్తోంది! ఆ రోజు మటుకు దానికేం పుట్టిందో" అన్నారు. నా నాలుక చివర ఉంది మాట. చింతపిక్కలా దాన్ని ఆ బుగ్గన ఒకసారి, ఈ బుగ్గన ఒకసారి పెట్టుకుంటూ గడిపాను.

గురువారం ఆయన సెలవు పెట్టారు. పొద్దున్నే అత్తగారు మాత్రల డబ్బా లిఫ్టులో పెట్టి మూడో అంతస్తుకి పంపించుకున్నారు. నేను బల్ల తుడిచే నెపంతో ప్లగ్గు పీకేశాను. దుమ్ము చాలా ఉంది మరి. ఆయన కిటికీ నుంచి గడపకీ, గడప నుంచి కిటికీకీ తిరుగుతున్నారు. చేతిలో కాగితం, దాని మీద తారీఖు.

మాత్ర వేళయింది.

"అత్తయ్యా, ఆ ప్లగ్గు కాస్త మీరే పెట్టుకోండి, నా చేతులు తడిగా ఉన్నాయి. పనిలో పనిగా డబ్బా ఇవాళ రెండో అంతస్తులో ఉంచుకుంటే మీకు ఇంకా దగ్గరేమో చూడండి" అన్నాను.

అత్తగారికి వృత్తి నియమాలేం లేవు. ప్లగ్గు పెట్టారు, రెండు నొక్కారు. మోటారు గుర్రుమంది. పెట్టె పైకి లేచి, కప్పుకి గుద్దుకుని, అక్కడే గింజుకుంది. టప్! దారం తెగింది. డబ్బా మూత ఊడి మాత్రలు హాలంతా దొర్లాయి. వాటిలో రెండు ఆయన నడకబాటలోకే వచ్చి ఆగాయి.

"ఎవరు కరెంటిచ్చింది?" ఆయన పరుగున వచ్చారు. "ముందు కిందికి దించొద్దూ!"

"నేనిచ్చాను. ఏం?" అన్నారు అత్తగారు. "అది కిందుందో పైనుందో చూడాల్సింది నేనా? లిఫ్టెక్కేవాళ్ళు ఎవరన్నా చూస్తారట్రా? తనెక్కడుందో దానికి తెలియదూ?"

"ఎందుకు తెలియదమ్మా? కరెంటు పోయినా లిఫ్టుకి తనెక్కడుందో తెలుస్తుంది. పైన మోటారు గదిలో పళ్ళ చక్రం ఉంటుంది, లిఫ్టుతోపాటే తిరుగుతుంది, కరెంటు పోతే ఎక్కడిదక్కడే ఆగుతుంది, అది..."

ఆగారు. బొమ్మ లిఫ్టు పైభాగం చూశారు. అక్కడ మోటారుంది, తెగిన దారముంది. పళ్ళ చక్రం లేదు. వెనక్కి తిప్పి చూశారు, ఎవరన్నా దాచారేమో అన్నట్టు. అటూ లేదు.

అప్పుడు మా ఆయన కూచున్నారు.

కుర్చీ లాక్కుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కదలకుండా. మూడున్నరేళ్ళలో ఆయన ఆ కుర్చీలో అలా కూచోవడం చూడలేదేమో, అత్తగారు బెదిరిపోయారు.

"ఒరేయ్, ఒంట్లో బాగాలేదా? ఏమే కోడలా, మంచినీళ్ళు తే!"

తెచ్చాను. తాగలేదు. ల్యాప్‌టాప్ తెరిచారు. చాలాసేపు చూశారు. నేను వంగి మాత్రలు ఏరుతూ తెర మీదకి ఓ కన్నేశాను. తారీఖు, టైము, ఆయన పేరు. పక్కన ఎర్రగా మూడు వరసలు.

"ఆరు సెకన్లు" అన్నారు.

నేను మాత్రలు లెక్కపెడుతున్నాను.

"తను ఆ రోజే చెప్పి ఉండాల్సింది" అన్నారు.

పద్నాలుగు, పదిహేను.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడేం చేద్దాం?"

"మీ లిఫ్టు, మీ కాగితం. నాకు బీరువా కింద ఇంకో మాత్ర దొరకాలి" అన్నాను. ఈసారి ఆ 'చేద్దాం'లో కలవలేదు.

ఆయన మూడు వరసలూ మళ్ళీ రాశారు. దారం కట్టారు. పెట్టెని కావాలని మూడో అంతస్తులో ఉంచి కరెంటిచ్చారు. అది నింపాదిగా, ఆరు సెకన్లు, నేలకి దిగింది. మధ్యాహ్నమంతా కాగితం ముందు కూచుని రాశారు. నిజంగా కూచునే. ఏం రాశారో చూపించలేదు, కవర్లో పెట్టి అంటించేశారు. నా ప్రాణం ఆ కవరు చుట్టూ తిరిగింది. ఆవిరి పట్టి విప్పచ్చని నాకు తెలుసు. గిన్నె పొయ్యి మీద పెట్టాను కూడా. తర్వాత బుద్ధొచ్చి అందులో టీ పొడి వేశాను.

శుక్రవారం లిఫ్టు మొయ్యడానికి ఇంకో మనిషి కావాలని నన్ను తీసుకెళ్ళారు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచుంటే ఎదుటి సీటు పిల్ల, "ఆంటీ, ఇది పక్షుల గూడా?" అంది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

ల్యాబ్‌లో తుమ్మెద ముందే వచ్చి ఉంది. ఒళ్ళో బ్యాగు. జిప్పు సగం తీసి ఉంది, ఓ చెయ్యి లోపల ఉంది. ఆయన వంక చూడలేదు. ఆయనా చూడలేదు. నేను ఆ పిల్ల పక్క బల్ల మీద కూచున్నాను. "చెప్పలేదు కదా?" అంది పెదాలు కదపకుండా. "ఒక్క మాట కూడా చెప్పలేదు" అన్నాను. నిజమేగా!

బయటి మేడమ్ వచ్చింది. నేను ఏదో ఊహించుకున్నాను గానీ, జలుబు చేసి ముక్కు ఎర్రబడ్డ మామూలు మనిషి. రబ్బరు ముక్క వేసి మూడుకి పంపింది. ప్లగ్గు పీకింది. పెట్టింది. రెండు నొక్కింది. పెట్టె ముందు నేల దాకా దిగింది. ఆ ఆరు సెకన్లూ గదిలో ఎవరూ ఆవలించలేదు. నేల తాకి, టిక్కుమని, అప్పుడు రెండుకి ఎక్కి ఆగింది.

"బాగుంది. కాగితం?"

ఆయన కవరిచ్చారు. ఆవిడ చింపి చదివింది. తిరగేసి చదివింది. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది.

"పళ్ళ చక్రం గురించి ఒక పేజీ రాశారు. నాకు తెలియని సంగతి, చాలా బాగా రాశారు. కరెంటు పోతే లెక్క పోతుందని రాశారు, సరే. మొదటి మూడు వరసలు లేకపోవడం వల్ల ఇలా జరిగిందని రాశారు, అదీ సరే. ఎవరి చేతి మీద జరిగింది? అది లేదే."

"అంటే మేడమ్, ఇందులో ఏమవుతుందంటే..." అని మొదలుపెట్టి ఆయన నడక అందుకున్నారు. బల్లల మధ్య సందులో నాలుగడుగులు కిటికీ దాకా, నాలుగడుగులు వెనక్కి. "పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మధ్య, అంటే, అలవాటు ప్రకారం ముందే దించుతాం కాబట్టి, ఆ వరసల అవసరం పెద్దగా..."

నా పక్కన జిప్పు పూర్తిగా తెరుచుకున్న చప్పుడైంది. కాగితం అంచు తెల్లగా బయటికొచ్చింది. ఆయన అది చూశారు. చూసి కూడా ఇంకో నాలుగడుగులు వేశారు.

బల్ల మీద ఎవరిదో మంచినీళ్ళ సీసా ఉంది. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

"ముందు మీరు కిందికి దిగండి" అన్నాను మెల్లగా. "తర్వాత మాట్లాడదురు గాని."

ఆయన సీసా వంక చూశారు, నా వంక చూశారు. ఇరవై మూడేళ్ళుగా నాకు ఎన్ని గ్లాసులిచ్చారో గుర్తొచ్చినట్టుంది. సీసా పక్కన పెట్టి, నిలబడ్డ చోటే నిలబడ్డారు. ఆరు సెకన్లు పట్టి ఉంటుంది. బయటి మేడమ్ వైపు కాదు, తుమ్మెద వైపు తిరిగారు.

"తప్పు నాది, అమ్మాయ్. నువ్వు సరిగ్గానే రాశావు. తీసేసింది నేను, నీకు చెప్పకుండా తీసేశాను. పోయిన శుక్రవారం నలుగురి ముందు నీ మీదకి నెట్టానే, అది ఇంకా పెద్ద తప్పు. ఆర్నెల్లు మళ్ళీ చేసేది నేను."